నాయన మాట్లాడిన వీడియో

కడపలో బస్సెక్కినప్పటి నుంచి శ్రీవాసవికి ఒకటే గుబులు. ఇంట్లోవాళ్లను కాదని జయరాజ్‌ను పెళ్లి చేసుకున్నాక మళ్లీ కర్నూలు పుట్టింటి గడప తొక్కలేదు. తండ్రి రాఘవేంద్రప్రసాద్ ఆనాడు "నాకు కూతురు లేదు" అన్నాడు. కర్నూలు పాతబస్తీలో బట్టల అంగడి నడుపుతూ నోటి మాటతోనే ఊరందరినీ మెప్పించిన మనిషి. అన్నాడంటే అన్నట్టే.

ఇప్పుడు ఆయనకు ఆ నోటి మాటే లేదు. గొంతులో క్యాన్సరని హైదరాబాదులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కు ముందు ఒంటిమిట్ట రాముణ్ని చూడాలని పట్టుబట్టి వెళ్లాడట. అక్కడ గుడి బయట మంటపంలో కూర్చోబెట్టి, ఆమె తమ్ముడు ప్రదీప్‌కుమార్ కొత్తగా కొన్న హెచ్‌డీ కెమెరాతో ఆయన మాటలన్నీ వీడియో తీశాడు. అందులో శ్రీవాసవి గురించి కూడా మాట్లాడాడని తల్లి కన్యకమ్మ ఫోన్లో చెప్పింది.

"ఏమన్నాడు మా?"

"నా నోటితో చెప్తే నమ్మవు. వచ్చి నీ చెవులతోనే ఇను."

ఇంట్లో అడుగుపెట్టేసరికి తండ్రి టీవీ ముందు కుర్చీలో ఉన్నాడు. మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని, సగానికి సగమయిపోయాడు. కూతుర్ని చూశాడు. రమ్మనలేదు, ముఖమూ తిప్పుకోలేదు.

ప్రదీప్ వైర్లు సర్దుతూ చెప్పుకుపోయాడు. "మన కంప్యూటర్లో ఏస్తే బొమ్మ ఆగి ఆగి పోతాందక్కా. అంత పెద్ద ఫైలు దాని వల్ల కాదు. ఈ గేమ్ బాక్సులోనైతే టీవీ మీద సాఫీగా ఆడతాది. కానీ కెమెరా ఫైలు పెడితే ఇది తీసుకోవడంలే. అందుకని దీనికి సరిపోయేటట్ల మార్చినా. ఒకటే కరెంటు కోతలు. సగంలో పోవడం, మళ్లీ మొదట్నుంచి పెట్టడం. శానా తిప్పలు పడినా."

బొమ్మ మొదలైంది. ఎంత స్పష్టంగా ఉందంటే, తండ్రి గడ్డం మీది తెల్ల వెంట్రుకలు, వెనక రాతిస్తంభం మీది ఉలి గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. గాలికి భుజం మీది కండువా కదులుతోంది. ఆయన నవ్వాడు, చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. పెదవులు ఆడుతున్నాయి. మాట మాత్రం రావడంలేదు.

"సౌండు పెంచప్పా," అంది కన్యకమ్మ.

పెంచాడు. చివరిదాకా పెంచినా ఏమీ రాలేదు. వైరు పీకి మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత కార్ల ఆట డిస్కు వేశాడు. ఇల్లు అదిరిపోయేలా ఇంజన్ల రొద లేచేసరికి తండ్రి ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాడు. అంటే టీవీ బాగానే ఉంది. ఫైలు మార్చేటప్పుడు బొమ్మ ఒక్కటే ఎక్కింది, శబ్దం ఎక్కలేదు.

"అసలు ఫైలు పెట్టు," అంది శ్రీవాసవి.

ప్రదీప్ తల వంచుకున్నాడు. "కంప్యూటర్లో జాగా లేక తీసేసినా. కెమెరా కార్డు చెరిపి దాని మీద స్నేహితుని పెండ్లి తీసినా."

"మార్చినాక ఒక్కసారైనా ఇన్లేదా?"

"బొమ్మ బాగొచ్చిండాది గదా అని చూసుకోలేదక్కా."

శ్రీవాసవికి కళ్లు మండాయి. ఇన్నేళ్లలో ఒక్క ఫోనైనా చేయని తమ్ముడు వీడు. "నేను ఇనకూడదని కావాలనే చేసినావా?" అని అడిగేసింది.

ప్రదీప్ ముఖం పాలిపోయింది. "ఎంత మాటంటివక్కా! ఆయన గొంతు నాకు మాత్రం యాడుండాది ఇప్పుడు?" అంటూనే ఏడ్చేశాడు. ఆ ఏడుపు చూసి కూడా ఆమె మనసు కుదుటపడలేదు. నమ్మాలని ఉంది, నమ్మలేకపోతోంది.

మరుసటి రోజు ఇద్దరూ కంప్యూటర్ పెట్టెను ఆటోలో పెట్టుకుని రిపేరు షాపుకు పోయారు. చెరిపిన ఫైలు ఉన్న చోట తర్వాత దించుకున్న సినిమాలు కూర్చున్నాయని, ఇక అది రాదని షాపతను తేల్చేశాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే కన్యకమ్మ కూతురి తల నిమిరింది. "పోనీలేమ్మా. నేను పక్కనే ఉంటి గదా. నువ్వు సల్లగుండాలనే అన్నాడు."

తండ్రి కుర్చీ చేతి మీద గట్టిగా చరిచాడు. కాదన్నట్టు తల ఊపాడు.

"మరేమన్నావు నాయనా?" శ్రీవాసవి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రాసి చూపమని పలక అందిస్తే పక్కకు నెట్టేశాడు. రాసి చెప్పడం ఇష్టంలేక, ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన పలక పట్టలేదు. కూతురి గడ్డం పట్టుకుని తన పెదవుల వైపు తిప్పుకుని, గొంతు లేకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. మెడ గుడ్డ కింద, ఊపిరికి పెట్టిన రంధ్రంలో గాలి గుర్రుమంటోంది.

"కడప?" అందామె. అవునన్నాడు. "ఒంటిమిట్టకు పోతా కడపలో దిగినావా?" అవునన్నాడు. "మా ఇంటికొచ్చినావా?"

ఆయన చెయ్యి ఎత్తి, తలుపు తట్టబోతున్నట్టు పెట్టి, అక్కడే ఆపి, దించేసుకున్నాడు.

"వాకిటి దాకా వచ్చి ఎనక్కి పోతివా? ఎందుకు నాయనా?"

దానికి జవాబు పొడుగ్గా చెప్పాడు. పెదవులు గబగబా ఆడాయి. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. ఆయన విసుక్కుని, అంగడిలో పనివాళ్లను కసిరినట్టే కళ్లెర్రజేసి, మళ్లీ చెప్పాడు. ఈసారి "సిగ్గు" అన్నట్టు తోచింది. ఎవరి సిగ్గో, దేనికి సిగ్గో తెలియలేదు. ప్రదీప్‌ను అడిగితే, కెమెరాలో బొమ్మ చూసుకుంటూ మాటలు సరిగా ఇన్లేదన్నాడు. కన్యకమ్మను అడిగితే ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటూ, "ఆ మాట నేనెట్ల చెప్పేది తల్లీ?" అంది.

కడప బస్సు వేళ దాటిపోయింది. "అక్కా, జయరాజ్ బావకు ఫోన్ చేసి చెప్పేదా, ఈ పొద్దు రావడంలేదని?" గుమ్మంలో నిలబడి అడిగాడు ప్రదీప్. బావ అన్న మాట వాడి నోట వినడం ఆమెకు అదే మొదటిసారి.

చెప్పమన్నట్టు తలూపింది. తమ్ముడి వైపు మాత్రం చూడలేదు. తండ్రి మోకాలి మీద చెయ్యి వేసి, "ఇంకొక్కసారి చెప్పు నాయనా, నిదానంగా," అంది.