నడుం కొలత

టైలరమ్మకు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. బడిపిల్లలకు కుట్టిచ్చిన నలభై స్కర్టుల్లో ఇరవైమూడు వెనక్కి వచ్చాయి. ఒక్కదానికీ నడుం దగ్గర హుక్కు పడటం లేదట. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషికి తల కొట్టేసినట్టయింది.

కొలతల పుస్తకం తీసింది. కొలిచేటప్పుడు ఆమె టేపు చుట్టి గట్టిగా చెబుతుంది, అదే బడిలో చదివే పద్నాలుగేళ్ల కూతురు పక్కన కూర్చుని రాస్తుంది. ఊరికే చెబితే ఆమె టైలరమ్మ ఎందుకవుతుంది? "ఇరవై తొమ్మిది! నీకోసం బట్టల మిల్లు పెట్టించాలే!" అనేది. వరుసలో పిల్లలు ఘొల్లుమనేవారు. అందరినీ నవ్విస్తున్నానని మురిసిపోయేది మహాతల్లి.

ఆ ఇరవై తొమ్మిది పిల్లకు పుస్తకంలో ఇరవై ఆరని ఉంది.

"ఏమే, చెవులెక్కడ పెట్టుకుని రాశావ్?"

కూతురు వెనక్కొచ్చిన స్కర్టుల హుక్కులు విప్పుతూనే ఉంది. "సరిగ్గానే విన్నానమ్మా. తగ్గించి రాయమని వాళ్లే బతిమాలారు. స్కర్టులు వచ్చేలోపు సన్నబడతామన్నారు."

"రాసేశావా! నా పరువు తీశావు కదే!"

"ఆ అమ్మాయి ఏడ్చిందమ్మా. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడమే మానేసింది."

టైలరమ్మ వేలు పేజీ చివరికి జారింది. ఆఖరి కొలత కూతురిదే. ఇరవై నాలుగు. కన్నపిల్ల నడుం ఇరవై ఏడని ఆమెకు టేపు లేకుండానే తెలుసు. పొద్దున్నే ఆకలి లేదనడం, కంచంలో సగం వదిలేయడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తిట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తోచలేదు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"నవ్వులాటకి అన్నానే."

"నవ్వింది పక్కవాళ్లు. టేపులో ఉన్నవాళ్లు నవ్వలేదు. నేనూ నవ్వలేదు."

టైలరమ్మ పుస్తకం మూసేసింది. "పిల్లల్ని మూడింటికి రమ్మన్నాను. మళ్లీ కొలుస్తాను. నోరు మూసుకునే కొలుస్తాను."

"ముందు నిన్ను కొలవనీ."

"నాకెందుకే? ఈ వయసులో స్కర్టు కుట్టిస్తావా?"

"నిలబడమ్మా."

నిలబడింది. కూతురు టేపు చుట్టి, రెండు కొసలూ కలిపి పట్టుకుని ఊరుకుంది. ఎంతసేపటికీ పెదవి విప్పదు. టైలరమ్మకు ఒళ్లు మండింది.

"ఎంతో చెప్పవేం?"

"ఊపిరి వదిలితే చెప్తా."

అప్పుడు చూసుకుంది టైలరమ్మ. గదిలో మూడో మనిషి లేడు. కొలుస్తున్నది కడుపున పుట్టిన పిల్ల. అయినా తను పొట్ట లోపలికి లాక్కుని, కొయ్యబారిపోయి నిలబడి ఉంది.