రోలక్క తీర్పు

పదకొండింటికి తలుపులు తెరిచేలోపు కావలసిన పనులు: ఎండుమిరపకాయలు గింజలు దులిపి వేడినీళ్ళలో నానవెయ్యాలి. నిమ్మగడ్డి పైపొరలు ఒలిచి లోపలి లేతభాగం సన్నగా తరగాలి. అల్లంలా ఉండే దుంపరాష్ట్రం చెక్కు తియ్యాలి. కొత్తిమీర వేళ్ళు మట్టి పోయేదాకా మూడుసార్లు కడగాలి. రొయ్యల ముద్దను ఆకులో చుట్టి నిప్పుసెగకు చూపించాలి. ఆ తర్వాత ఉప్పుతో మొదలుపెట్టి, గట్టివి ముందు, మెత్తనివి వెనుక, అన్నీ రాతిరోట్లో కూరముద్దగా దంచాలి.

ఈ చిట్టా ఎక్కడా రాసి లేదు. పంతొమ్మిదేళ్ళుగా రోలక్క చేతుల్లో ఉంది. ఆ థాయ్ హోటలు వంటగదిలో ఆమెకు వేరే పేరున్నట్టు ఎవరికీ గుర్తులేదు. కుడిజబ్బ ఎడమదానికంటే లావు. దర్జీ ఆమె రెండు చేతులకూ వేరువేరు కొలతలు తీసుకుంటాడు. దంచేటప్పుడు ఎడమ అరచేతిని రోటి అంచుకు ఆనించి, వేళ్ళు గొడుగులా వంచి పెడుతుంది, మిరపతునకలు కంట్లోకి ఎగరకుండా. ముద్ద నలిగిందో లేదో కళ్ళతో చూడదు. రోకలి దెబ్బ టక్కుమన్నంతసేపు దంచుతూనే ఉంటుంది. దెబ్బ మెత్తబడి, రాయి గొంతు లోపలికి పోయినప్పుడు ఆపుతుంది.

సరిగ్గా రోడ్డుకు అవతల కొరియా హోటలు. అందులో ఆమె తోడికోడలు క్యాబేజీ ఆకులకు ఉప్పు పట్టిస్తుంది. వేళ్ళకొసలు ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉంటాయి. ఇద్దరూ ఉండేది పక్కపక్క గదుల్లో. ఒకటే బస్సు. బస్సెక్కింది మొదలు దిగేదాకా ఒకటే తగువు, ఎవరి హోటలు గొప్పదని. ఆ ఊళ్ళో చాలామందికి ఆ తగువు ఉంది గాని వాళ్ళంతా కుర్చీలో కూచుని తిన్నవాళ్ళు. వీళ్ళిద్దరూ ఏనాడూ ఏ హోటల్లోనూ కుర్చీ ఎక్కలేదు.

"కొబ్బరిపాలు పోస్తే గడ్డయినా రుచిగానే ఉంటుంది అక్కా. అందులో మీ గొప్పేముంది?" అంది తోడికోడలు ఆ ఉదయం కూడా.

"మీలాగా పాడైపోయేదాకా ఆగి అమ్మం. మాది ఏ రోజుది ఆ రోజే."

"పాడవడం కాదు, పులవడం. తేడా తెలియాలంటే నాలుక ఉండాలి."

"నాలుకదేముందే, నీకున్నంత పొడుగు ఎవరికుంది?"

వెనకసీటు ముసలాయన కిసుక్కున నవ్వాడు. రోలక్క మాత్రం నవ్వలేదు. తోడికోడలికి చెప్పని సంగతి ఒకటి కడుపులో పెట్టుకుని ఉంది.

నెలరోజులుగా ఒక పత్రిక ఈ వాదం నడుపుతోంది. థాయ్ హోటలా, కొరియా హోటలా, ఊరికి ఏది గొప్ప? రోజూ ఉత్తరాలే ఉత్తరాలు. చివరికి ఈ ఎదురెదురు హోటళ్ళు రెండూ మిగిలాయి. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఈ మధ్యాహ్నమే వచ్చి రెండుచోట్లా తిని తేలుస్తారు. నిన్న సాయంత్రం ఆమె ఇంటికి బయలుదేరే వేళకు, వంటగదిలోకి నడుమెత్తు స్టీలు మిషను ఒకటి దిగింది.

"ఇక ముద్ద మిషనే రుబ్బుతుంది," అన్నాడు యజమాని. "రేపటికి మాత్రం నీ రోలు భోజనాలగది వైపు గాజుపలక పక్కకి జరిపిస్తా. నువ్వు దంచుతూ ఉండు రోలక్కా. వాళ్ళకి కనబడాలి, అంతే."

"మరి నేను దంచిన ముద్ద?"

"సాయంత్రం పారేద్దాంలే."

ఎల్లుండి నుంచి గిన్నెలు తోమే దగ్గర ఉండమన్నాడు, భుజానికి సుఖంగా ఉంటుందని. ఆ మాట ఆయన దయగానే అన్నాడు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

పన్నెండున్నరకు భోజనాలగది నిండిపోయింది. ఆమె గాజుపలక పక్కన పీటమీద కూచుని దంచుతోంది. చూడ్డానికే అయినా దంగుడు దొంగదంగుడు కాదు. ఉప్పు ముందు వేసింది. మిరపకాయలు, నిమ్మగడ్డి ఒకదాని తర్వాత ఒకటి. వెనక మిషను మూలిగి ఆగిపోయింది. నిమ్మగడ్డి పీచు రెక్కలకు చుట్టుకుంది. వంటవాడు అటూఇటూ చూసి గరిటెడు నీళ్ళు పోశాడు. మిషను తిరిగింది. ఆ పలచటి ముద్ద బాణలిలోని చిక్కటి కొబ్బరిపాలలో పడ్డప్పుడు చుయ్యిమనలేదు. గుళగుళమంది.

"అది వేగట్లేదు, ఉడుకుతోంది," అంది తల తిప్పకుండానే.

వంటవాడు తల దించుకున్నాడు. అయినా కూర బల్లమీదికి వెళ్ళింది.

తిన్నాక ముగ్గురిలో పెద్దావిడ, కళ్ళజోడు తాడుకు వేలాడేసుకున్నావిడ, లోపలికి వచ్చింది. వెనకాలే యజమాని, ముఖమంతా నవ్వు పులుముకుని. ఆవిడ రోట్లోకి వంగి వాసన చూసింది.

"మేం తిన్న కూరలోది ఇదేనామ్మా?"

ఒక్క తలూపుతో పోయేది. యజమాని కళ్ళు అదే అడుగుతున్నాయి. రోలక్క రోకలిని రోట్లోనే నిలబెట్టింది.

"కాదండీ. మీరు తిన్నది మిషనుది, నీళ్ళు పోసి తిప్పారు. ఇది ఊరికే చూడ్డానికి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "అయితే మీరు ఏ హోటలు గొప్పదంటారు?"

"నిన్నటిదాకా ఇదే. ఇవాళ ఎదురుగా ఉన్నది."

ఆవిడ వెళ్ళాక యజమాని గొంతు తగ్గించి, పంతొమ్మిదేళ్ళు అన్నం పెట్టిన చోటని కూడా చూడలేదే అన్నాడు.

"అన్నం మీరు పెట్టారు. రుచి నేను పెట్టాను," అంది రోలక్క, లేస్తూ.

రోట్లో ముద్ద చివరి పిసరుదాకా తీసి టిఫిను డబ్బాలో పెట్టుకుంది. ఎలాగూ పారేసేదే గనక ఆయన అడ్డుపడలేదు. నడుముకు కట్టుకున్న ఏప్రను విప్పి కొక్కేనికి తగిలించింది. పనివాళ్ళ దొడ్డితలుపు వైపు వెళ్ళలేదు. బల్లల మధ్యనుంచి నడిచి, జనం చూస్తుండగా, ముందు తలుపు తోసుకుని బయటికి వచ్చింది. రోడ్డు దాటి కొరియా హోటల్లో కిటికీ పక్క కుర్చీ లాక్కుని కూచుని, క్యాబేజీ తెమ్మంది.

కబురు ఆమెకంటే ముందే రోడ్డు దాటినట్టుంది. తోడికోడలు తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఓటు మాకేశావట?"

"వేశాను. మురిసిపోకు. మీరు గెలవలేదు, మావాళ్ళు ఓడారు."

మావాళ్ళు అన్న మాట విని తోడికోడలు తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. పళ్ళెం వైపు చూసి, ఎలా ఉందని అడిగింది. రోలక్క నెమ్మదిగా నమిలి మింగింది.

"ఉప్పు కాస్త ఎక్కువ," అని డబ్బా ముందుకు జరిపింది. "రాత్రికి నా ముద్దతో కూర వండుతా. తిని అప్పుడు మాట్లాడు."

రోలక్క మళ్ళీ థాయ్ హోటలు వంటగదిలో అడుగుపెట్టలేదు. ఆదివారం పత్రికలో కొరియా హోటలు గెలిచిందని పడింది. ఎందుకు గెలిచిందో అరపేజీ రాశారు. దంచినావిడ ఊసు లేదు.

మీరూ ఎప్పుడైనా నలుగురు కూచుని ఏ హోటలు గొప్పదని వాదించుకుంటారు. తీర్పు చెప్పేముందు ఒక్కసారి రోలక్కను తలుచుకోండి. గాజుపలక పక్కన ఆ రోలు ఇంకా ఉంది. ఎవరూ దంచడం లేదు. దాని అంచు మీద ఒకచోట రాయి నున్నగా అరిగి చిన్న పల్లం పడింది, సరిగ్గా ఒక ఎడమ అరచెయ్యి పట్టేంత.