పక్క మగ్గం ఆయన

మా ఆయన బట్టల మిల్లులో రిటైరైన నెలకే నా స్నేహితురాళ్ళు మా ఇంటికి రావడం మానేశారు. తప్పు వాళ్ళది కాదు. మేం కోడళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే, ఈయన పానకంలో పుడకలా మధ్య కుర్చీలో కూర్చునేవారు. పోనీ తనూ ఓ మాట కలుపుతారా అంటే, బెల్లం కొట్టిన రాయి.

"మీకంటూ ఒక్క స్నేహితుడైనా లేడా?" అని అడిగాను.

చాలాసేపు ఆలోచించి, "పక్క మగ్గం ఆయన ఉన్నాడు" అన్నారు.

ముప్పై ఏళ్ళు పక్కపక్కనే పనిచేశారట, ఆయన రెండేళ్ళ ముందే రిటైరయ్యారట. ఆయన ఇల్లెక్కడో తెలీదు, పిల్లలెందరో తెలీదు. నాకైతే మా చెల్లెలి ఆడపడుచు మోకాలి నొప్పి సంగతి కూడా తెలుసు. మగాళ్ళ స్నేహం ఇలాగే ఏడుస్తుంది. రేపు నాకేదైనా అయితే ఈ మనిషి గోడలతో మాట్లాడుకోవాలి. ఆ భయంతోనే మిల్లు వాచ్‌మన్‌ని పట్టుకుని ఆయనకు కబురు పంపించాను.

వచ్చారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"బాగున్నావా?"

"బాగున్నా."

అంతే. కాసేపు ఫ్యాన్ వంక చూశారు. తర్వాత గోళ్ళు చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండి, వంటింట్లోకి పోయి నానబెట్టిన పప్పు మిక్సీలో వేశాను.

తొంగిచూద్దును కదా, నాలుగు చేతులు గాల్లో ఆడుతున్నాయి! మా ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. మగ్గాల హోరులో ఒకరి మాట ఒకరికి వినబడక, వీళ్ళు ఇన్నేళ్ళూ చేతులతోనే మాట్లాడుకున్నారు మరి. మిక్సీ ఆపాను. చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి. మళ్ళీ వేశాను. పప్పు గంధమైపోయింది, మిక్సీ కాలిన వాసన కొడుతోంది, అయినా ఆపలేదు. ఆయన కళ్ళు తుడుచుకోవడం, ఈయన లేచి భుజం మీద చెయ్యి వెయ్యడం కూడా చూశాను.

ఆయన వెళ్ళాక అడిగాను, "ఏమన్నారు?"

"వాళ్ళావిడ పోయి ఏడాదైందట. ఇంట్లో చప్పుడే లేదట. రోజూ రమ్మన్నా."

నా గుండెల మీంచి బరువు దిగింది. ఆ వెనకే కాస్త అసూయ కూడా పుట్టింది, దాచడమెందుకు.

"నా గురించి అడిగారా?"

"అడిగాడు."

"మీరేం చెప్పారు?"

నోరు తెరిచారు. మూసేశారు. ఇన్నేళ్ళ కాపురంలో నా గురించి "ఉప్పు తగ్గింది" కంటే పెద్ద మాట అన్నట్టు గుర్తులేదు. ఒళ్ళో వేళ్ళు మాత్రం కదిలాయి.

నేను వెళ్ళి మిక్సీ వేశాను.