ఏ పచ్చ?

"నీ గదికి ఏ రంగు వేయించమంటావమ్మా?" అని ఫోన్లో అడిగితే ఆ పిల్ల "పచ్చ" అని టక్కున ఫోన్ పెట్టేసింది.

మా ఆయన మొదటి భార్య కూతురు. పదకొండేళ్లది. తల్లి పోయినప్పటి నుంచీ మేనత్త దగ్గరే పెరిగింది. ఆదివారం వచ్చి పది రోజులుంటుంది. నచ్చితే ఇక్కడే, నచ్చకపోతే మళ్లీ మేనత్త ఇంటికే. మా పెళ్లయి ఏడాదైంది, ఒక్కసారి కూడా నన్ను ఏమనీ పిలవలేదు. నోరు తెరిచి నన్ను ఏదైనా కోరడం ఇదే మొదలు. అదీ ఒక్క ముక్క.

"పచ్చే కదమ్మా, దానికేం భాగ్యం," అంటూ పెయింటర్ లప్పం పట్టించిన గోడ మీద బారెడు మేర ఆకుపచ్చ పూశాడు. చూడగానే నాకు అనుమానమొచ్చింది. పసుపుపచ్చ అయితేనో? పక్కనే అదీ పూయించాను. ఒకటేమో గదిని చీకటి చేస్తోంది, రెండోది కళ్లలో పొడుస్తోంది.

"చెట్టూ పచ్చే, కామెర్లూ పచ్చే. ఏదో ఒకటి తేల్చండమ్మా," అని పెయింటర్ బతిమాలాడు.

"మళ్లీ ఫోన్ చేసి అడగరాదూ?" అన్నాడు మా ఆయన.

"మీరే అడగండి."

"మీ ఇద్దరి మధ్య నేనెందుకు?" అని మెల్లగా జారుకున్నాడు.

నేనెలా అడగను? కోరిన ఒక్కటీ అర్థం కాని మనిషి అనుకోదూ? పొద్దున ఆకుపచ్చే అనిపించేది, మధ్యాహ్నానికి పసుపే అయ్యుంటుందనిపించేది. డబ్బా మూత తీసి పెట్టీ పెట్టీ పెయింటర్ విసిగిపోయాడు. నాకైతే మతి పోయింది.

ఆదివారం రానే వచ్చింది. పిల్ల భుజం మీది సంచీ దించకుండానే గోడ ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఇందులో నీ పచ్చ ఏదమ్మా?" అని బెరుగ్గా అడిగాను.

"నాకు తెలీదు," అంది బిక్కమొహం వేసి. "మీకు పచ్చంటే ఇష్టమని నాన్న చెప్పాడు. అందుకే అలా అన్నా."

నాకు పచ్చ ఇష్టమా? ఇద్దరం ఒకేసారి ఆయన వైపు తిరిగాం.

"ఏ పచ్చ?"

ఆయన తల గోక్కున్నాడు. "ఏమో, ఆ రోజు మీ పిన్ని కట్టుకున్న చీర... పచ్చగా... ఏదో ఒక పచ్చలే!"

పిల్లకి నవ్వాగలేదు. నవ్వుతూనే నా దగ్గరికి జరిగి, ఆయనకు వినపడకుండా చెప్పింది.

"నిజం చెప్పనా పిన్నీ? నాకు రెండూ నచ్చలేదు."

"నాకూ అంతే," అన్నాను. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.