బోరునీట విఱిగిన పూత

వైశాఖము ముదిరి పడమటిగాలి నిప్పులు చెరుగుచుండ, నూజివీటి పరిసరములందలి మామిడితోటలు ఫలభారావనతశాఖములై నేలనంటి వంగియుండగా, కాయ కోయు కూలీల కేకలతోను ట్రాక్టరుల రొదతోను ముగ్గుచున్న రసాల పరిమళముతోను దిక్కులు నిండియుండెను. అట్టి మిట్టమధ్యాహ్నమున లోకమంతయు నీడ వెదకుకొనుచుండగా హైమవతి యను విదుషీమణి మాత్రము, అట్లూరి శోభనాద్రి యను పండ్లవర్తకుని షెడ్డులో నొకచోట నిలువజాలక, పెట్టె వెంట పెట్టె మూత తీసి కాయలను వ్రేలితో నొత్తిచూచుచు గిరగిర తిరుగుచుండెను.

ఈమె యొక విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రోపన్యాసకురాలు. ప్రయోగశాలాభ్యంతరమున తొమ్మిది సంవత్సరములు తపస్సు చేసి రొయ్యపెంకులనుండి యొక పలుచని పూతను సాధించినది. ఆ పూత పూసిన మామిడికాయ యిరువది దినములు చెడక నిలుచును. పరిశోధనాపత్రములు నాలుగు అచ్చయ్యెను, సభలు జరిగెను, శాలువలు కప్పబడెను, పూత మాత్రము సీసా దాటి తోటకు రాలేదు. అది సహింపలేక, గురువగు త్రివిక్రమాచార్యులు వలదు వలదనుచున్నను వినక, సంవత్సరము సెలవు పుచ్చుకొని కంపెనీ నొకదానిని స్థాపించెను. ఆ సెలవు మరునాటి సాయంకాలమైదు గంటలకు ముగియును. ఆలోగా పోయి చేరనియెడల కొలువు పోవును. శోభనాద్రి యీ యేటి కాయకంతకును పూత వేయింప నొప్పుకొన్నయెడల కంపెనీ నిలుచును. ఇక నామెకు నిద్రాహారము లెట్లుండును?

శోభనాద్రి పరీక్షకై యిచ్చిన, పూత పూసి ఆరు దినములైన నూరు పెట్టెలలో నొక్కటియు సరిగా లేదు. అద్దమువలె మెరయవలసిన పూత సున్నపు పెచ్చులవలె లేచి, దాని క్రింద నల్లమచ్చలు పుట్టియుండెను. అంతలో శోభనాద్రి వచ్చి చూచి, ఆ పూత కలిపిన కూలీల మేస్త్రి మంగతాయారువైపు తిరిగెను.

“ఏం కలిపి చచ్చావే? నూరు పెట్టెల కాయ నాశనం చేశావు. రేపట్నించి పన్లోకి రావద్దు.”

“అమ్మగారు చెప్పినట్టే కలిపానండీ. పొడి, వెనిగరు, నీళ్ళు. కొలత తప్పితే నన్నడగండి,” అని మంగతాయారు కంట నీరు పెట్టుకొనెను.

నీళ్ళన్న మాట విన్నంతనే హైమవతికి అసలు లోపము తోచెను. ప్రయోగశాలలో ప్రతిదినము ప్రాతఃకాలమున నౌకరు శుద్ధజలమును తెల్లడబ్బాలో నింపియుంచును, వచ్చినవారు వంచుకొందురు, అది యెక్కడిదని యడిగినవారు లేరు. తొమ్మిదేండ్లలో వేడిని కొలిచిరి, పులుపును కొలిచిరి, పూత మందమును వెంట్రుకవాసితో కొలిచిరి. నీటిని గూర్చి మాత్రము నాలుగు పత్రములలో నొక్క పంక్తియైనను వ్రాయలేదు. ఇచ్చటిది సున్నము నిండిన బోరునీరు. దానిలో పూత పాలవలె విఱిగిపోయినది.

మంగతాయారే తప్పు కలిపినదని యొక్కమాట యనినచో శోభనాద్రి మరల నూరు పెట్టెలిచ్చును. సిగ్గుచేటైనను దాచనేల, ఆ మాట హైమవతి నాలుక చివరకు వచ్చెను. వచ్చినదానిని మ్రింగుట కామె మిక్కిలి కష్టపడెను.

“తప్పు ఆవిడది కాదండీ, నాది. మీ బోరు నీళ్ళు నేను ఒక్కసారి కూడా పరీక్ష చెయ్యలేదు. శుద్ధి చేసిన నీళ్ళు డబ్బాల్లో తెప్పిస్తాను, మళ్ళీ చూడండి.”

శోభనాద్రి మంగతాయారును పనిలోనికి పొమ్మని చేయి యూపి యిట్లనెను.

“రోజుకి పాతిక టన్నుల కాయ డాక్టరమ్మగారూ! డబ్బా నీళ్ళు ఎక్కణ్ణించి తెస్తారు? తోట ఇక్కడుంది, బోరు ఇక్కడుంది. మీ మందు ఈ నీళ్ళల్లో కలిసిన్నాడు రండి, అప్పుడు మాట్టాడుకుందాం.”

మరునాటి యుదయమున ఆచార్యులవారి ఫోను వచ్చెను. “అమ్మా హైమవతీ, నువ్వు చేరే కాగితం నా బల్లమీదే ఉంది. ఐదింటిలోపు వచ్చి సంతకం పెట్టు. ఆ నీళ్ళేవో ఇక్కడికే తెచ్చుకో, నిదానంగా పరిశోధన చేసుకోవచ్చు.”

ఆ ప్రేమకు ఆమె కన్నులు చెమర్చెను. సంచి భుజమున వేసికొని గేటు వరకు పోయెను, మరలెను, మరల పోయి బస్సు నాపి, ఎక్కక, కండక్టరుచేత చీవాట్లు తినెను. నీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు గొనిపోవుట సులభమే. ఈ యెండను ఈ దుమ్మును కాయ ముగ్గిపోవుచున్నదను ఈ తొందరను గొనిపోవుట యెట్లు? నిదానముగా ననిన యా మాటయే యామెను భయపెట్టినది. తొమ్మిదేండ్లు గడిచినది నిదానముగానే కదా! ఆమె వెనుకకు వచ్చి సంచిని పెట్టెలపై బడవైచి, కొంగు బిగించి, మంగతాయారుచేత బోరునీరు పట్టించెను.

మొదటి బకెట్టు వెంటనే విఱిగెను. పులుపు పెంచి కలిపిన రెండవది గడియసేపు నిలిచి విఱిగెను. మధ్యాహ్నము కలిపిన మూడవదానిని రెప్పవేయక చూచుచుండగా షెడ్డుగోడమీది గడియారమున ఐదు గంటలయ్యెను. తొమ్మిదేండ్ల కొలువు అంతటితో చెల్లిపోయెను. హైమవతి తలయెత్తి చూడలేదు.

“ఇదీ విరిగిందమ్మగారూ,” అనెను మంగతాయారు, తానే యపరాధము చేసినట్లు.

“ఇందాకటిదానికంటే ఆలస్యంగా విరిగింది. ఇంకో బకెట్టు పట్టుకురా.”