ఎడమచెవి వాంగ్మూలం

రొట్టెల బండి నడిపే ఆయన్ని వీధిలో అందరూ మిలటరీ అనే పిలిచేవాళ్ళు. ఆయన రోజూ తెల్లవారకముందే లేచి, ముఖం కడుక్కుని, గూట్లోంచి చిటికెడు దూది తీసి ఉండచేసి ఎడమచెవిలో కుక్కుకునేవాడు. ఆ తర్వాతే టీ. పంతొమ్మిదేళ్ళుగా అంతే.

ఆ చెవి యుద్ధంలో పోయింది. పేలుడులో పోయిన చెవిలో చివరగా విన్న చప్పుడు అలాగే ఉండిపోతుంది. పక్కవీధిలో ఒక పాత ఫిరంగి సిపాయి ఉన్నాడు. ఆయన చెవికి చెవి ఆనిస్తే పిట్ట కూత వినిపిస్తుంది. బడి వదలగానే పిల్లలు వరస కట్టి మరీ వింటారు, ఆయన మురిసిపోతూ కూర్చుంటాడు. మన మిలటరీ మాత్రం పెళ్ళాన్ని కూడా ఆ చెవి దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. పడుకుంటే ఎడమవైపుకే తిరిగి, చెవి దిండుకి అదిమిపెట్టి పడుకునేవాడు. ఆవిడ కొత్తలో ఏముందని అడిగింది. రెండోసారి అడిగినప్పుడు ఆయన అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. ఇక అడగలేదు.

పంతొమ్మిదో ఏట కుడిచెవి కూడా మందగించింది. వెనక బండివాళ్ళు హారన్ కొట్టీ కొట్టీ తిట్టుకుంటూ పక్కనుంచి పోయేవాళ్ళు. ఒకరోజు సైకిలు మీద వెళ్తున్న పోస్టుమాన్‌ని గుద్దబోయి వెంట్రుకవాసిలో తప్పించాడు. బేకరీ యజమాని మంచివాడే. భుజం మీద చెయ్యి వేసి, బండి తాళాలు ఇచ్చెయ్యమన్నాడు.

మర్నాడే భార్య వెళ్ళి మాజీ సైనికుల ఆఫీసు నుంచి వికలాంగ పింఛను అర్జీ తెచ్చింది. పంతొమ్మిదేళ్ళ కిందటే పెట్టుకోవాల్సిన అర్జీ. అడిగిన వాళ్ళందరికీ ఆయన, నాకంటే దెబ్బతిన్నవాళ్ళు ఎంతమంది లేరు, వాళ్ళకిస్తే చాలు అని చెప్పేవాడు. అదేదో త్యాగం అనుకుని జనం గౌరవంగా తలూపేవాళ్ళు. ఆ తలలు ఊగినప్పుడల్లా ఆయనకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది.

అర్జీలో ఏడో గడి: చెవిలో నిలిచిన చప్పుడు ఏమిటి, ఎవరిది? ఆయన 'పేలుడు' అని రాశాడు. కౌంటరు గుమాస్తా అది చూసి, మీరు రాస్తే సరిపోదు, డాక్టరమ్మ విని రాయాలి అన్నాడు. ఆయన వెనక్కి తిరిగాడు. భార్య ఆయన చొక్కా పట్టుకుని ఆపి బల్ల మీద కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ తన చెవిదుద్దు తీసి పక్కన పెట్టింది. ఆయన చెవిలో దూది తీసి, స్పిరిటుతో తుడిచి, తన చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆయన గోడమీది గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ లేచి కాగితం మీద రాసింది. రాసింది అర్జీదారుకి చదివి వినిపించాలని రూలు. కుడిచెవికి వినబడాలి కాబట్టి గట్టిగానే చదివింది.

"పరిగెత్తే బూట్ల చప్పుడు. వెనకనుంచి ఒక కుర్రాడి గొంతు. అన్నా, కాలు ఇరుక్కుంది. అన్నా, పోకు. నాలుగుసార్లు. ఒకసారికంటే ఇంకోసారి దూరంగా. తర్వాత పేలుడు."

తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. ఆయన ఆవిడ చెప్పుల వైపు చూశాడు తప్ప తల పైకెత్తలేకపోయాడు.

ఈ నెలలో పదకొండు చెవులు విన్నాననీ, తొమ్మిదింటిలో బూట్లు పరిగెడుతూనే ఉన్నాయనీ డాక్టరమ్మ దుద్దు పెట్టుకుంటూ చెప్పింది. ఆ మాట ఆయనకి ఊరట కాలేదు. తక్కిన ఎనిమిదింటి సంగతి ఆయనకెందుకు? ఇంకో ముక్క కూడా చెప్పింది. చెవిలో వేరేవాళ్ళ గొంతు ఉంటే ఆ మనిషి రక్తసంబంధీకులు విని గుర్తుపట్టాలి, అభ్యంతరం ఉందో లేదో రాసి సంతకం చెయ్యాలి.

బస్టాపులో ఆయన, ఇక ఈ అర్జీ వద్దన్నాడు. అప్పుడు, భార్య అడగకుండానే, మొత్తం చెప్పేశాడు. ఆ కుర్రాడు ఆయన లారీలో తోడు డ్రైవరు. ఒక్కచోట కాలు నిలవదని అందరూ బొంగరం అనేవాళ్ళు. లారీ బోల్తా పడ్డప్పుడు ఈయన బయటికి పాకగలిగాడు, వాడు పాకలేకపోయాడు. ట్యాంకులోంచి కారుతున్న పెట్రోలు వాసన వచ్చింది. అంతే, కాళ్ళు పరుగెత్తాయి. ఆ తర్వాత వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, లారీలో నిద్రపోతూనే పోయాడమ్మా, వాడికేమీ తెలియలేదు అని చెప్పి వచ్చాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

రెండు బస్సులు వచ్చి పోయాయి.

"వాళ్ళమ్మ ఉండేది ఎంత దూరం?" అంది భార్య.

బొంగరం వాళ్ళమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. వీళ్ళు వెళ్ళేసరికి ఇల్లంతా నీలం గుడ్డ పరిచి ఉంది. ముసలావిడ ఆయన్ని వెంటనే గుర్తుపట్టింది. కుర్చీ మీది గుడ్డలు తీసి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. నిలబడే, తల దించుకుని, ఆ రోజు తాను చెప్పింది అబద్ధం అన్నాడు.

"తెలుసు," అంది ఆవిడ. "బండి కదిలితే వాడికి కన్ను మూతపడేది కాదు. చంటిపిల్లాడప్పటినుంచీ అంతే. లారీలో నిద్రపోయాడన్నావు. అప్పుడే అనుకున్నాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తెలిసీ ఎందుకు కబురు చెయ్యలేదమ్మా అని అడగబోయి, అడిగే హక్కు తనకి లేదని ఊరుకున్నాడు. ఆవిడ కుట్టుమిషను ముందునుంచి లేచి వచ్చి, కళ్ళజోడు తీసేసి, తన చెవి ఆయన ఎడమచెవికి ఆనించింది. ఒకసారి విన్నది. రెండోసారి విన్నది. మిషను మీద సగం కుట్టిన చొక్కా చెయ్యి ఒకటి వేలాడుతోంది.

"గొంతు బొంగురుపోయిందేం?" అంది చివరికి. "జలుబు చేసిందా అప్పుడు?"

"అవునమ్మా. రెండ్రోజుల్నుంచీ."

"మందు వేసుకున్నాడా?"

"వేసుకోలేదమ్మా. చెప్తే వినేవాడు కాదు."

"వినడు," అంది ఆవిడ.

అర్జీ కాగితం మీద మొదటి గడిలో, గొంతు నా కొడుకుదే అని రాసింది. అభ్యంతరం గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. తర్వాత రాసి, సంతకం పెట్టి, మడతపెట్టకుండా ఆయన చేతికిచ్చింది. 'ఉంది. అయినా ఇవ్వండి.'

ఆయన ఆ రెండు ముక్కలూ చదివి, భార్యకి అందించి, లేచి గుడ్డల మధ్య నిలబడి ఏడ్చాడు. ముసలావిడ ఓదార్చలేదు. ఆదివారాలు కుట్టుపని పెట్టుకోనని, వస్తూండమని మాత్రం చెప్పింది.

పింఛను వచ్చింది. కుడిచెవికి వినికిడి మిషను కూడా ఇచ్చారు. బేకరీ యజమాని లోపల రొట్టెలు కోసే పనిలో పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం ఆయన ముసలావిడ ఇంటికి వెళ్ళి, చిన్నపీట మీద కూర్చుని, ఎడమచెవి ఆవిడ వైపు వంచేవాడు. వెళ్ళే ప్రతిసారీ గుమ్మం ముందు కాళ్ళు వెనక్కి లాగేవి. ఆవిడ విని, నోరు ఆయన చెవికి దగ్గరగా పెట్టి ఏదో చెప్పేది. వెచ్చటి ఊపిరి తగిలేదే గాని మాట వినబడేది కాదు. తనతో అనే మాట కాదని తెలుసు కనుక ఆయన అడగలేదు.

ఏడాది తిరిగాక మళ్ళీ పరీక్షకి పిలిచారు. అదే డాక్టరమ్మ. ఈసారి చాలాసేపు విన్నది. పాత కాగితం తీసి పక్కన పెట్టుకుని, ఇంకోసారి విన్నది.

"ఇందులో ఒక పెద్దావిడ గొంతు చేరింది," అంది. "కుర్రాడు రెండోసారి పిలిచాక, ఇక్కడే ఉన్నాన్రా, కాలు కదపకు అంటోంది. ఆ తర్వాత వాడు పిలవలేదు. పేలేదాకా ఊరుకున్నాడు."

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు.

"బూట్లు మాత్రం పరిగెడుతూనే ఉన్నాయి," అందావిడ.

"అవి నావేనండీ," అన్నాడు.

ఆవిడ అది కూడా రాసుకుంది.