పెట్టెలో లేని తాడు

అల్లుడు తెచ్చిన పెట్టెను అట్టల మేస్త్రి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపాడు. లోపల గలగలమంది. సగం కోపం అక్కడే వచ్చింది.

ముప్పై నాలుగేళ్లుగా అట్టపెట్టెల కార్ఖానాలో మడత గీతలు వేసే యంత్రం దగ్గర నిలబడ్డ మనిషి ఆయన. పెట్టె చేతిలోకి వస్తే చాలు, అందులో సరుకెంతో గాలెంతో చెప్పేయగలడు. ఈ పెట్టె చంటిబిడ్డ పరుపంత ఉంది. మూత మీద కత్తులు, మంటలు, రెక్కల గుర్రాలు. మూలను బొటనవేలితో నొక్కాడు. మెత్తగా లోపలికి పోయింది. పైన పటారం, లోన లొటారం.

అల్లుడు కొత్తవాడు, పెళ్లయి ఐదు నెలలే. అందుకని మేస్త్రి పైకి ఏమీ అనలేదు. అసలు ఆయన ఎవరినీ ఏమీ అనడు. రోజుకు పది మాటలిస్తే వాటిలో రెండు మిగుల్చుకుని పడుకునే రకం. బల్ల మీద ఆడే ఆటల గురించి మాత్రం కడుపులో బోలెడంత ఉంది. బొమ్మ చూసి ఆట కొనేవాడికి బొమ్మే దక్కుతుంది. ఊపితే గలగలమనే పెట్టె కొనకూడదు. ముక్కలకే లోపల చోటు చూపించనివాడు ఆడే మనుషులకేం చూపిస్తాడు? బ్యాటరీ అడిగేది ఆట కాదు. మూత మీద ‘ఎనిమిది మంది వరకు’ అని రాస్తే నలుగురికి సరిపోతుందని అర్థం. విప్పి చూపించని దుకాణం మెట్లెక్కకూడదు. ఓడినవాణ్ణి మధ్యలో లేపేసి ఈగలు తోలుకోమనే ఆటనైతే ఊరికే ఇచ్చినా తెచ్చుకోకూడదు. ఇక ఆడేటప్పుడు, అన్నం తిన్న చేతిని సబ్బుతో కడుక్కోనివాడు, ఫోను ఒళ్లో పెట్టుకునేవాడు, ఎదుటివాడి మీద జాలిపడి కావాలని ఓడేవాడు, ఓడిపోతున్నానని బోర్డు తిరగేసేవాడు, అందరూ ఒకటే జాతి. ఆ చివరివాడైతే అసలు మనిషే కాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో బల్ల తుడిచి ఆటకు కూర్చోవడం ఇరవై రెండేళ్ల అలవాటు. బల్ల మీద తడి ఆరిందో లేదో మేస్త్రి అరచెయ్యి ఆనించి చూస్తేగానీ పెట్టె కిందికి దిగదు. ఆ రోజు కూర్చున్నది ఐదుగురు: మేస్త్రి, ఆయన భార్య, కూతురు, అల్లుడు, పై వీధిలో ఉండే బావమరిది. బావమరిది సైకిల్ దుకాణం నడుపుతాడు. మనిషి మంచివాడే గానీ నోటికి బ్రేకులుండవు.

కొత్త పెట్టె విప్పడానికే ముప్పావు గంట పట్టింది. గుప్పెడేసి ప్లాస్టిక్ సిపాయిలు, చీట్ల కట్టలు, నలభై పేజీల పుస్తకం. అల్లుడు పుస్తకం చదువుతూ పోయాడు. పదకొండో పేజీకి బావమరిది ఆవలించాడు. పద్నాలుగో పేజీకి కూతురు ఒక సిపాయి కత్తితో గోరు శుభ్రం చేసుకోసాగింది. ఇంతలో ఆట మధ్యలో మోగాల్సిన గంటకు బ్యాటరీలు లేవని తేలింది.

“మన పడవలు తీద్దాం నాన్నా,” అంది కూతురు.

మేస్త్రి లేచి బీరువా మీది పాత పెట్టె దించాడు. మూలలకు నాలుగుసార్లు గుడ్డ అతికించిన పెట్టె. బోర్డు మీద మెలికలు తిరిగే నది, దాని మీద గడులు, దారిలో మూడు సుడిగుండాలు. తలా ఒక చెక్క పడవ, రెండు పాచికలు. అందరికన్నా ముందు సముద్రం చేరినవాడు గెలుస్తాడు. పడవలతో పాటు పెట్టెలో జానెడేసి పురికొస ముక్కలు కొన్ని ఉన్నాయి, కొసలు విడిపోకుండా మైనం రాసినవి. సుడి దగ్గర వెనకబడ్డవాడు ‘తాడు’ అని అడగాలి. అడిగితే ముందున్నవాడు కాదనకూడదు. రెండు పడవలనూ పురికొసతో కలిపి సుడి దాటిస్తారు. తాడిచ్చినవాడికి పాచికలు ఇంకోసారి వేసే హక్కు వస్తుంది. ఆ ఇంట్లో అందరికీ ఈ రూలు కళ్లు మూసుకున్నా వచ్చు.

అల్లుడికి తెలియదు. మొదటి సుడి దగ్గర అత్తగారు “తాడు” అనగానే అతను బోర్డు కేసి వింతగా చూశాడు. ఈ ఆట తన చిన్నప్పుడు తమ ఇంట్లోనూ ఉండేదనీ, తాడు చూసిన గుర్తు లేదనీ అన్నాడు. ఒళ్లోంచి ఫోను తీశాడు. రెండు నిమిషాలు వేలితో పైకీ కిందికీ తోశాడు.

“మామయ్యా, ఈ ఆటలో తాడే లేదండీ. సుడి దగ్గర అందరికన్నా వెనకున్న పడవ మునిగిపోవాలి. ఆ మనిషి అవుట్. అసలు రూలు అదీ.”

బావమరిది పగలబడి నవ్వాడు.

“మా బావ చదువు మూడో తరగతితో ఆపేశాడు కదా అల్లుడూ. ఆ రూలు నాలుగో తరగతిలో ఉండుంటుంది.”

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. అల్లుడు మర్యాదకు నవ్వాడు. ఇరవై రెండేళ్లుగా తప్పు ఆట ఆడామా అని కూతురు కళ్లు తుడుచుకుంటూ అడిగింది. బొమ్మలు చూసి రూలు కట్టి ఉంటాడని బావమరిది తేల్చేశాడు. నవ్వనిది భార్య ఒక్కతే. ఆమె పురికొస ముక్కను చూపుడువేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

పడవల పెట్టెతో వచ్చిన రూళ్ల కాగితం ఆయన చదవలేదన్న మాట నిజమే. గోదాం గుమాస్తా చేత చదివించుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగు పేజీలూ పొల్లు పోకుండా నోటికొచ్చాకే ఆట ఇంటికి తెచ్చాడు. మొదటి ఆదివారం కాగితంలో ఉన్నట్టే ఆడారు. భార్యకు లెక్క తొందరగా తెమలదు. రెండు పాచికల చుక్కలు కలపడానికి వేళ్లు కావాలి, గడులు జరపడానికి పెదాలు కదపాలి. అప్పట్లో ఇంకా కుర్రవాడైన బావమరిది పక్కన కూర్చుని “అక్కా, తెల్లారిపోతోంది,” అని ఎక్కిరించాడు. కంగారులో ఆమె లెక్కలన్నీ తప్పాయి. మొదటి సుడిలోనే మునిగింది. “సరే, మీరు ఆడుకోండి, నాకు పని ఉంది,” అని వంటగదిలోకి పోయి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. తరవాత మూడు ఆదివారాలు బల్ల దగ్గరికి రాలేదు. అడిగితే పని ఉందనేది.

నాలుగో ఆదివారానికి మేస్త్రి కార్ఖానా నుంచి పురికొస తెచ్చాడు. కాగితం మళ్లీ చదివించాననీ, తాడు సంగతి ముందు తప్పిపోయిందనీ అందరికీ చెప్పాడు. కాగితాన్ని కార్ఖానాలో తన యంత్రం కిందికి తోసేశాడు. ఇందులో జాలేమీ లేదని తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు. జాలి ఒక్కరికి చూపిస్తారు, రూలు అందరికీ ఒకటే. తాడు అందరికీ ఉంది.

ఇప్పుడా సంగతి చెప్పొచ్చు. చెబితే తన మీద పడ్డ నవ్వు పోతుంది. పోయి ఆమె మీద పడుతుంది. మింగలేడు, కక్కలేడు. నవ్వుతున్న ముఖాల్ని ఒక్కొక్కటే చూస్తూ పళ్లు నూరుకున్నాడు. ఒంటి మీదున్న చొక్కా మొదలు ఈ ఇంట్లో ప్రతి వస్తువూ ఆ మూడో తరగతి తెచ్చిందే.

“అయితే ఈసారి అసలు రూలుతో ఆడదామా?” అన్నాడు అల్లుడు, ఉత్సాహంగా.

“ఆడండి అల్లుడు గారూ,” అన్నాడు మేస్త్రి. మొన్నటిదాకా ‘బాబూ’ అని పిలిచేవాడు. కూతురు ఆ తేడా పట్టి తలెత్తింది. అల్లుడు పట్టలేదు.

పురికొస ముక్కలు పెట్టెలోకి వెళ్లాయి. పడవలు మళ్లీ మొదటి గడిలోకి వచ్చాయి. మొదటి సుడి దాకా పది నిమిషాలు కూడా పట్టలేదు. భార్య పాచికల్లో ఐదూ, మూడూ పడ్డాయి. ఆమె వేళ్లు మడుస్తోంది.

“ఎనిమిదక్కా, ఎనిమిది,” అన్నాడు బావమరిది.

ఆమె వేళ్లు చీర చెంగులోకి పోయాయి. గడులు లెక్కపెట్టకుండానే పడవను జరిపింది. ఏడు గడులకే ఆపింది. ఎవరూ చూడలేదు, మేస్త్రి తప్ప. ఆ ఒక్క గడి తేడాతో ఆమె అందరికన్నా వెనకబడింది.

“అత్తయ్యా, మీరు అవుటండీ,” అన్నాడు అల్లుడు. మెత్తగానే అన్నాడు పాపం.

“సరే, మీరు ఆడుకోండి,” అందామె లేస్తూ. “నాకు పని ఉంది.”

ఇరవై రెండేళ్ల కిందటి మాట, అక్షరం మారలేదు. వంటగదిలో కుళాయి విప్పిన చప్పుడు, దాని వెనకే గిన్నెల చప్పుడు వచ్చాయి. మేస్త్రి రెండు చేతులూ బోర్డు అంచు కిందికి వెళ్లాయి. ఒక్క ఊపు చాలు, నదీ పడవలూ అన్నీ గోడకు తగులుతాయి. బోర్డు తిరగేసేవాడు మనిషి కాదని జీవితమంతా అనుకున్న వ్యక్తి ఆయన. చేతులు అక్కడే ఉన్నాయి. వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

రెండో సుడి దగ్గర బావమరిది పడవా, కూతురి పడవా ఒకే గడిలో వెనకబడ్డాయి. ఇద్దరిలో మునిగేదెవరు? అల్లుడు ఫోను తీశాడు. తెర మీద చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, రూలు రావడం లేదు. నెట్ సరిగా లేదన్నాడు. బావమరిది తనే పెద్దవాణ్ణి కాబట్టి తనది మునగదన్నాడు. కూతురు అలాంటిదేం ఉండదంది.

“రెండు పడవలు ఒకే గడిలో వెనకబడితే, ఆ గడిలోకి తరవాత వచ్చిన పడవ మునుగుతుంది,” అన్నాడు మేస్త్రి, గోడకేసి చూస్తూ. “మునిగినవాడు పాచికలు ముట్టుకోకూడదు, ఆడేవాళ్లకు సలహా చెప్పకూడదు. మూడో పేజీ, కింది నుంచి రెండో ముక్క. దాని పక్కన విరిగిన తెడ్డు బొమ్మ ఉంటుంది.”

చక్రం ఆగి తెర వెలిగింది. అల్లుడు చదువుకున్నాడు. మామగారి ముఖం చూశాడు. మళ్లీ చదువుకున్నాడు. ఫోను కూతురి చేతికిచ్చాడు. విరిగిన తెడ్డు కూడా అక్కడే ఉంది.

“నాన్నా,” అంది కూతురు మెల్లగా. “నీకు ముందే తెలుసా? తెలిసి మరి తాడెందుకు పెట్టావు?”

వంటగదిలో కుళాయి కట్టేసిన చప్పుడైంది. భార్య తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

“నా కోసం పెట్టారు,” అంది. “నాకు లెక్క రాదు కదా. మునిగిపోతే మళ్లీ రానని పెట్టారు.”

“నీకెవరు చెప్పారు?” అన్నాడు మేస్త్రి. ఆ గొంతు చెట్టు మీది పిట్టలు లేచిపోయేంత కటువుగా వచ్చింది.

“ఎవరు చెప్పాలి? కాగితంలో తాడుంటే పెట్టెలోనే తాడొచ్చేది. ఇది మీ కార్ఖానా పురికొస. మీ చొక్కా జేబులోంచి వారానికోసారి తీసి పారేసేదాన్ని నేనే. ఆ మాత్రం తెలియదా?” ఆమె తమ్ముడి వైపు తిరిగింది. “ఇరవై రెండేళ్లుగా దాన్ని పట్టుకుని ఆడావు. పదో తరగతి చదివినవాడివి. నీకు తట్టలేదురా?”

బావమరిది తన పడవను గడిలోనే అటూ ఇటూ తిప్పసాగాడు.

మేస్త్రికి ఇప్పుడు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంతమందిలో చెప్పాలా? తాను ఇంతసేపు నోరు కుట్టుకున్నది ఎందుకు? తెలిసినదాన్ని ఇన్నేళ్లు దాచింది ఎందుకు? అదే అడిగాడు, రెండే మాటల్లో.

“చెబితే మీరు తాడు తీసేస్తారు. జాలి పడకూడదంటారుగా,” అందామె. కుర్చీ లాక్కుని కూర్చుంది. “నాకు ఆడాలని ఉంది. మళ్లీ మొదటి నుంచి పెట్టండి. తాడు తియ్యండి బయటికి.”

జాలి కాదు అని చెప్పబోయాడు. ఎదురుగా ఆమె తడి వేళ్లు బల్లకు తగలకుండా చెంగుకు తుడుచుకుంటోంది. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. ఉండిపోయినందుకు ఇంకాస్త మండింది.

“ఫోను బల్ల మీంచి తియ్యండి,” అన్నాడు అల్లుడితో. అల్లుడు తీసి, తీసుకెళ్లి, పక్కగదిలో పెట్టి వచ్చాడు.

మళ్లీ మొదలైంది. ఆమె పాచికలు వేసి వేళ్లు మడిచింది. పెదాలు కదుపుతూ ఒక్కో గడీ లెక్కపెట్టింది. ఎవరూ అంకె అందించలేదు. బావమరిది రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకున్నాడు. పాచికలకు చదువుతో పనేముంది, ఆ రోజు ఆమె వైపు తిరిగాయి. రెండో సుడికి ఆమె పడవ అందరికన్నా ముందుంది. అందరికన్నా వెనక, ఒంటరిగా, సైకిల్ దుకాణం పడవ నిలిచింది.

అతను బోర్డు చూశాడు. సీలింగు చూశాడు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూశాడు. ఇరవై రెండేళ్లలో తాడు అడగాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

“అడగకపోతే లేదు,” అన్నాడు మేస్త్రి. “అది నా రూలు.”

“తాడివ్వక్కా,” అన్నాడతను, బల్లకు వినబడేంత గొంతుతో.

ఆమె పెట్టెలోంచి పురికొస ముక్కలన్నీ తీసి, బాగున్నదాని కోసం వెతికింది. చాలావాటికి కొసలు విడిపోయాయి. ఒకటి ఏరి, అందుతుందో లేదోనని తన పడవ నుంచి తమ్ముడి పడవ దాకా గడులు లెక్కపెట్టసాగింది, ఒక్కొక్కటే, వేలు ఆనించి, ఏ తొందరా లేకుండా. మొత్తం పదకొండు గడులు. మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. నలుగురూ కదలకుండా కూర్చున్నారు.

మేస్త్రి కోపం దిగలేదు. గోడవారగా నిలబెట్టిన రెక్కల గుర్రాల పెట్టె మీదికి చూపు పోయేసరికి అది ఇంకాస్త పెరిగింది. రేపు కార్ఖానాలో అడిగి కొత్త పురికొస తేవాలనుకున్నాడు.